ముప్పై నాలుగు పుట్టినరోజులు

సాయంత్రం ఐదయితే మానుకోట వీధుల్లో గోలీలాట ఆగిపోయేది. ఎవరూ కేకేసి పిలవనక్కర్లేదు. గెలుస్తున్నవాడు కూడా గోలీలు జేబులో వేసుకుని ఇంటికి పరుగెత్తేవాడు. సరిగ్గా అప్పుడే స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో మీది గదిలో సుమిత్ర ముఖానికి పౌడరు అద్దుకుని, కొంగు సర్దుకుని, నీలం దుప్పటి కట్టిన గోడ ముందు స్టూలు మీద కూర్చునేది. ఎదురుగా పెళ్లిళ్లకు తిరిగే వీడియో కెమెరా మూడు కాళ్ల మీద నిలబడి ఉండేది. దాని వెనక ఆమె భర్త ఉపేందర్. కిటికీలోంచి నల్లటి వైరు బయటికి పోయేది. ఆ వైరు చివర తొంభై ఐదు ఇళ్లు.

ఊళ్లో సినిమాల లైను వేరేవాళ్లది. ఉపేందర్‌ది పిల్లల లైను. ముందు పుట్టినరోజులు చదవటం, తర్వాత సుమిత్ర చెప్పే కథ, ఆ తర్వాత వరంగల్ నుంచి అద్దెకు తెచ్చిన బొమ్మల క్యాసెట్టు. ఆరున్నరకు బంద్. ఆదివారం సెలవు. మొదట పన్నెండు ఇళ్లు ఒప్పుకున్నప్పుడు, "పిల్లల టీవీకి నెలనెలా పైసలు కట్టే పిచ్చోళ్లు గీ ఊళ్లె ఉన్నరా" అని నవ్వినవాళ్లే ఇప్పుడు, "మా ఇంటికెప్పుడు గుంజుతవు వైరు?" అని ఉపేందర్ చెయ్యి పట్టుకుని అడుగుతున్నారు. లైను ఇంత పెరగడానికి కారణం క్యాసెట్లు కాదు, పుట్టినరోజులు. తన పేరు టీవీలో వినాలని ఏ పిల్లకు ఉండదు? ఏడ్చి, అన్నం మానేసి, ఇంటికి లైను వేయించుకున్న పిల్లలు కనీసం ఇరవైమంది ఉంటారు. ఈ సంగతి ఉపేందర్ ఒప్పుకోడు. అంతా తను గుంజిన వైరు గొప్పతనమే అంటాడు. అనుకోనీ.

ఆ జూన్ ముప్పై శుక్రవారం మధ్యాహ్నం సుమిత్ర మరుసటి రోజు పేర్లు రాసుకుంటుంటే, మెట్ల కింద నుంచి పిలుపు వినిపించింది.

"అక్కా, ఉన్నవా?"

తండా రుక్కి. రోడ్డుకు మట్టి మోసే పని నుంచి అలాగే వచ్చింది. గంప మెట్ల దగ్గర బోర్లించి, చేతులు పావడకు తుడుచుకుని, రవికలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. బడి సారు రాసిచ్చిన కాగితం. సుమిత్ర విప్పి చూసింది. మంగ్యా, తుల్సీరాం, కిషన్, చివర రామి. రామి రుక్కి కూతురు. మొత్తం ముప్పై నాలుగు పేర్లు, ముప్పై నాలుగింటి ఎదుటా ఒకటే తారీఖు. జూలై ఒకటి.

"ఏందే రుక్కీ, మీ తండంత ఒక్క దినమే పుట్టిండ్రా?" సుమిత్ర నవ్వు ఆపుకోలేకపోయింది.

రుక్కి కూడా నవ్వింది. "బడిల ఏసేటప్పుడు సారు అడిగిండక్కా, ఎప్పుడు పుట్టిండ్రు అని. ఒకామె వానలల్ల అన్నది. ఒకామె చలికాలం అన్నది. నేను ఎండకాలం అన్న. గిట్లయితే నేనేం రాయాలె అని సారు అందరికి ఒక్కటే రాసి పడేసిండు. పోనీ తియ్యి, ఏదో ఒకటి ఉన్నది గద. మా రామి నెల సంది దినాలు లెక్కవెడుతున్నది. రేపు సదువుతవు గద?"

"సదువుత. ముప్పై నాలుగు ఒక్కతీరుగ సదువుత. కథ చిన్నగ చేస్తనంతే."

తండా వాళ్లు లైనుకు పైసలు కట్టరు. కట్టే పని లేదు. ఊరి అవతలి పటేళ్ల వాడకట్టుకు వైరు పోవాలంటే తండా మీదుగానే పోవాలి. ఇంకో దారిలో రైసుమిల్లు ఉంది. ఆ మిల్లు సినిమాల లైను వాడిది, తన గోడ మీద చెయ్యి పెట్టనివ్వడు. అందుకని తండా నాయక్ మోతీలాల్ దగ్గరికి ఉపేందర్ పోయి అడిగితే, వాళ్లే అడవికి పోయి పద్నాలుగు బొంగులు కొట్టుకొచ్చి, గుంతలు తవ్వి, పాతి, వైరు కట్టించారు. బదులుగా ఉపేందర్ తన పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి మోతీలాల్ ఇంటి ముందు పెట్టించాడు. "పైసలొద్దు, పైసలడుగొద్దు. మా పిల్లలు సూస్తే సాలు," అన్నాడు మోతీలాల్. ఆ ఒప్పందం మీద ఎనిమిది నెలలు నడిచింది.

సాయంత్రం లైను బంద్ చేసి వైర్లు చుడుతుంటే చంద్రమౌళి పటేల్ మెట్లెక్కి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఎరువుల దుకాణం, నలభై ఎకరాలు, పార్టీలో మాట చెల్లుబాటు. ఆయన భార్యది, సుమిత్రది ఒకటే ఊరు, కొడకండ్ల. ఆ వరుసన ఆయన ఆమెను బిడ్డా అంటాడు, ఆమె ఆయనను పెద్దబాపు అంటుంది. తన వాడకట్టులో నలభై ఇళ్లకు లైను వేయించిందీ ఆయనే. "నేను చెప్తున్న, గుంజుండ్రి," అంటే అందరూ గుంజించుకున్నారు.

"రేపు మా మనుమరాలి పుట్టినదినం బిడ్డా," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "ఐదేండ్లు నిండుతున్నయి. కొడకండ్ల నుంచి, దేవరుప్పుల నుంచి సుట్టాలత్తున్నరు. గీ ఫోటో సూపెట్టి, పేరు సదివి, నాలుగు మంచి మాటలు చెప్పాలె."

"దానికేముంది పెద్దబాపూ, చెప్త."

"రేపు తండ పిల్లలవి గూడ ఉన్నయట గద."

"మీకెవరు చెప్పిండ్రు?"

"మా జీతగాడే. వాని కొడుకుది గూడ ఉన్నదట, మురుసుకుంట చెప్పిండు." పటేల్ నవ్వాడు. ఆ నవ్వులో విషమేమీ లేదు. "బిడ్డా, నాకు వాళ్లతోని పగ లేదు. వాళ్లు లేంది నా ఎవుసం నడువది. గని నలుగురు సుట్టాలు కూసున్నకాడ, మా పిల్ల పేరెనుక బారెడు తండ పేర్లు సదువుతే ఏం బాగుంటది జెప్పు? వాళ్లయి ఎల్లుండో అవుతలెల్లుండో సదువు. వాళ్లకు పోయేదేముంది? రేపు నిజంగ పుట్టినోడు ఒక్కడన్న ఉన్నడా అండ్ల?"

సుమిత్ర ఫోటో అందుకుంది. నిజమే కదా మరి. తనూ మధ్యాహ్నం నవ్వింది కదా.

"గట్లనే సదువుతం పటేలా," అన్నాడు ఉపేందర్ గోడ దగ్గర నుంచి. "సోమవారం సదువుతం వాళ్లయి."

పటేల్ వెళ్లాక సుమిత్ర, "రుక్కికి మాటిచ్చిన," అంది.

"సదువనని ఎవలన్నరు? రెండు దినాలెనుక సదువుతం. నలభై ఇండ్లు సుమిత్రా. ఆ నలభై పోతే క్యాసెట్ల కిరాయి నీ కథలు కడుతయా?"

ఆమె కాగితం మడిచి పేర్ల పుస్తకంలో పెట్టింది.

మరునాడు ఐదింటికి పటేల్ మనుమరాలి ఫోటోను ఉపేందర్ కెమెరా ముందు పట్టుకున్నాడు. రెండు జడలు, ముత్యాల దండ, గౌను. సుమిత్ర పేరు చదివింది. నాలుగు మంచి మాటలు చెప్పింది. చెప్పి, ఒక్క క్షణం ఆగింది. ముప్పై నాలుగు పేర్ల కాగితం ఒళ్లోనే ఉంది. ఉపేందర్ కెమెరా వెనక నుంచి వేలు గుండ్రంగా తిప్పాడు, కానీ కానీ అన్నట్టు. ఆమె కథ మొదలుపెట్టింది. ఆ కథ ఎట్లా నడిచిందో, నక్క ఎక్కడ పడిపోయిందో, తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్నే స్టూడియో తలుపు తీసేసరికి అరుగు మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. మోతీలాల్, మట్టిపనికి పోయే ఇంకొకతను, కొంచెం ఎడంగా రుక్కి. వాళ్ల ముందు వైరు చుట్ట. చేదబావి తాడును చుట్టినట్టు సమంగా, మడత పడకుండా చుట్టి, నాలుగు చోట్ల గుడ్డపీలికతో కట్టి ఉంది. పక్కన చద్దరులో చుట్టిన టీవీ.

ఉపేందర్ వైరు చుట్ట మీదికి వంగాడు. "ఏంది నాయక్ గిది? కోసిండ్రా?"

"కొయ్యలే," అన్నాడు మోతీలాల్. "కొలుసుకోరి. అటు కొసన ముడి, ఇటు కొసన ముడి ఇప్పినం, గంతే. బొంగులు మావి, మాకాడ ఉన్నయి. వైరు మీది, తెచ్చినం. టీవీ గూడ మంచిగనే ఉన్నది, ఏసి సూసుకోరి."

"అయ్యో, ఏమైందని?"

మోతీలాల్ తలరుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఉపేందర్‌కు కొంచెం తేలికయ్యేది.

"నిన్న మా ఆడోళ్లు పొద్దుగాల్నే పిల్లలకు తలకు పోసిండ్రన్నా. ముప్పై నాలుగు మందికి. మాకున్నది ఒక్క బోరింగు. తెల్లారక ముందుగాల్నే లైను గట్టిండ్రు. మొగోళ్లు కూలికి పోలే. తుల్సీబాయి బెల్లమన్నం వండింది. ఐదు గొట్టంగ పిల్లలందరు టీవీ ముంగట కూసున్నరు, ముందుగాల ఎవల పేరత్తదో అని కొట్లాడుకుంట. మీరు ఒక్క పేరు సదివి కథ మొదలువెట్టిండ్రు. కథ అయినంక సదువుతరేమో అనుకున్నం. బొమ్మలయినంక సదువుతరేమో అనుకున్నం. ఆరున్నరకు బందయింది. పిల్లలు లేవలే. ఇంక అత్తదని కూసున్నరు."

మెట్ల మీద నిలబడి సుమిత్ర ఇదంతా విన్నది. ఒక మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగలేకపోయింది. రుక్కి ఆమె వైపు చూడలేదు. గంప తలమీద పెట్టుకుని, మోతీలాల్ లేచేలోపే లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికల్లా సంగతి పటేల్ వాడకట్టుకు పాకింది. రేపు లైను రాదట అని. ఉపేందర్ మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాడు. "వాళ్లకు గింత రోషమా? రెండు దినాలు ఆగితే ఏం పోతుండె?" అన్నాడు. సుమిత్ర అన్నం ముందు కూర్చుని, "నీ పుట్టినదినం నాడు తలకు పోసుకుని కూసుంటే నీకు తెలుస్తుండె," అంది. ఆయన కంచం నెట్టేశాడు. సాయంత్రానికి మెత్తబడి, "నువ్వు పో రేపు. నీ మాటింటరు. సదువుతమని చెప్పు, వైరు కట్టిచ్చుకొని రా," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి సుమిత్ర తండాకు వెళ్లింది. పొద్దున వాన పడి దారంతా బురద. చెప్పులు చేత పట్టుకుని నడిచింది. పద్నాలుగు బొంగులూ ఖాళీగా నిలబడి ఉన్నాయి. రుక్కి గుడిసె ముందు కూర్చుని గంప అల్లిక జారినచోట ఈత బరిగెతో బిగిస్తున్నది. ఆమె వెనక నుంచి రామి తొంగిచూసింది. ఎనిమిదేళ్ల పిల్ల. టీవీలో కనిపించే మనిషి తమ వాకిట్లో బురద కాళ్లతో నిలబడితే ఆ పిల్ల ముందు ఆ కాళ్లనే చూసింది. తర్వాత అడగవలసిందే అడిగింది.

"మేము పుట్టలేదా మేడం?"

"ఏయ్, లోపలికి పో," అంది రుక్కి. తర్వాత సుమిత్రతో, బరిగె మీద నుంచి కళ్లెత్తకుండానే అంది. "రెండు దినాల సంది గదే అడుగుతున్నది. పుట్టినోళ్ల పేరు సదువుతరు గద, మన పేరు సదువలేదంటే మనం పుట్టనట్టేనా అని. నేనేం జెప్పాలె?"

"తప్పు నాదే రుక్కీ. పటేల్ వద్దన్నడు. నేను ఊకున్న. ఇయ్యాల సదువుత. అందరియి సదువుత."

"ఇయ్యాల సదువుతే ఏమత్తది? ఒకటో తారీఖు పోయింది గద. మాకు ఉన్నదే సారు ఇచ్చిన ఒక్క దినం. అది గూడ పాయె."

రుక్కి ఆ మాట ఏడుస్తూ అనలేదు. గంప తిప్పి ఇంకో వైపు బిగించసాగింది. సుమిత్రకు ఏం మాట్లాడినా సాకులాగే ఉంటుందని తెలుసు. ఆమె గుడిసె అరుగు మీద కూర్చుని, సంచిలోంచి పేర్ల పుస్తకం తీసింది.

"సారు ఇచ్చిన దినం పోనీ. నీ బిడ్డ నిజంగ ఎప్పుడు పుట్టిందో చెప్పు."

"తారీఖులు మాకేడ ఎరుక అక్కా?"

"తారీఖు ఒద్దు. నీకెట్ల యాదికున్నదో అట్లనే చెప్పు."

రుక్కి ఆమె ముఖంలోకి మొదటిసారి చూసింది. తర్వాత లేచి, తమ భాషలో ఏదో కేకేసింది. మొదట తుల్సీబాయి వచ్చింది. చెయ్యి ముందుకు చాపి, చెప్పనా వద్దా అన్నట్టు నవ్వి, "మా కిషన్ పుట్టినప్పుడు తునికాకు కల్లం పడ్డది. అదే దినం. ఆకు కట్టలు కట్టుకుంట కట్టుకుంట లేసి పోయిన," అంది. రాసుకుంటుంటే ఇంకొకామె వచ్చింది. తన కొడుకు సీత్లా పండుగకు రెండు దినాల ముందు. ఒకామె కూతురు, మోతీలాల్ నాయక్ బావిలో నీళ్లు పడ్డ దినం. ఇంకొకామెది, గూడూరు అంగట్లో ఎద్దు తప్పిపోతే మొగుడు వెతకపోయిన దినం. "ఎద్దు దొరకలే, మంగ్యా దొరికిండు," అంది ఆమె, అందరూ పగలబడి నవ్వారు. ఒకామె తప్పు చెప్పిందని ఇంకొకామె వాదించింది. నీ పిల్లకంటే నా పిల్ల ముందు పుట్టిందని, నీ నొప్పులప్పుడు నీళ్ల ముంత నేనే పట్టుకొచ్చానని, పాత సంగతులన్నీ బయటికి వచ్చాయి. పిల్లలు తల్లుల చుట్టూ మూగి, తమ సంగతి వచ్చేసరికి నోరు తెరుచుకుని విన్నారు. తాము పుట్టినరోజు ఇంత సంబరం జరిగిందని వాళ్లకు ఎవరూ ఇంతకుముందు చెప్పలేదు.

రుక్కి అందరికంటే వెనక, ముప్పై నాలుగోది చెప్పింది. సుమిత్ర రాసుకుంది.

అప్పుడు సైకిలు గంట వినిపించింది. ఉపేందర్ బురదలో సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"ఆరైతున్నది!" అన్నాడు ఊపిరి అందక. "ఐదుకు కూసోవాలె గద నువ్వు! ఊరంత ఉత్త తెర సూసుకుంట కూసున్నది. స్టూడియో ముంగట ఇరవై మంది ఉన్నరు."

సుమిత్ర ఆకాశం వంక చూసింది. నిజంగానే పొద్దు వాలింది. లైను మొదలైనప్పటి నుంచి ఆమె ఐదు గంటల వేళ మరిచిపోవటం ఇదే మొదటిసారి.

మోతీలాల్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఉపేందర్ ఆయన వైపు తిరిగి చేతులు జోడించినంత పని చేశాడు. "నాయక్, రేపు అందరి పేర్లు సదువుతది. జర వైరు కట్టనియ్యి."

"మా ఇంటిదాంక కట్టుకో," అన్నాడు మోతీలాల్. "ఆడికెల్లి అవుతల పటేల్ దిక్కు పోయే ఏడు బొంగులు మాత్రం ముట్టనియ్యం. ఆడోళ్లు ఒప్పుకుంటలేరు."

"అటు పోకపోతే నాకేం లాభం?"

"అది నీ లెక్క అన్నా."

తిరుగు దారిలో వాగు దాటాక ఉపేందర్ చెప్పాడు. మధ్యాహ్నం పటేల్ మనిషి వచ్చాడట. సినిమాల లైను వాడు సాయంత్రం రెండు గంటలు బొమ్మలు వేస్తానన్నాడట, మిల్లు మీదుగా వైరు గుంజుతున్నాడట. అటు నలభై ఇళ్లూ పోయినట్టే. ఇటు వాళ్లు కూడా ఇవాళ కాకపోతే రేపు పోతారు. సినిమాలూ బొమ్మలూ ఒక్క లైనులో వస్తుంటే రెండు లైన్లు ఎవరికి కావాలి?

"బంద్ పెడదామా?" అంది సుమిత్ర.

ఆయన నోటితో ఆ మాట అనలేక ఇంత దూరం నడిచాడు. ఆమే అనేసరికి సైకిలు ఆపాడు. "ఎట్ల బంద్ పెడుతం? నువ్వు... ఐదు గొట్టంగ నువ్వేం చేస్తవు?"

"అది తర్వాత సంగతి. రేపు ఒక్కదినం కూసుంట. రేపు క్యాసెట్టు ఒద్దు."

మంగళవారం వానలోనే ఉపేందర్ నిచ్చెన వేసుకుని మోతీలాల్ ఇంటిదాకా వైరు కట్టి, టీవీ మళ్లీ పెట్టించాడు. ఏడో బొంగు దగ్గర ముడి వేసి, మిగిలిన చుట్టను భుజాన వేసుకుని వచ్చాడు. ఐదింటికి సుమిత్ర స్టూలు మీద కూర్చుంది. కథ చెప్పలేదు. పుస్తకం తెరిచింది.

"ఇయ్యాల మనం ముప్పై నాలుగు పుట్టినరోజులు సదువుతున్నం. ఇవి శనివారం సదువవలసినవి. నేను సదువలేదు. నాది తప్పు. మీ ఇంట్ల పెద్దోళ్లను గూడ పిలువుండ్రి."

ఒక్కొక్క పేరూ చదివింది. పేరు, తల్లి పేరు, తల్లి చెప్పిన రోజు, తల్లి చెప్పినట్టే. తునికాకు కల్లం చదివింది. బావిలో నీళ్లు పడ్డది చదివింది. దొరకని ఎద్దు చదివేటప్పుడు నవ్వింది, కెమెరా వెనక ఉపేందర్ కూడా నవ్వాడు. గబగబా ముగిద్దామని ఆమెకు అనిపించలేదు. ఒక్కో పేరు తర్వాత, ఆ పిల్ల లేచి నిలబడి కూర్చునేంత సేపు ఆగింది. ఆరు దాటింది.

"ముప్పై నాలుగు. రామి. తల్లి రుక్కి. చంద్రమౌళి పటేల్ కొడుకు పెండ్లి బరాత్ దినం పుట్టింది. రుక్కి అప్పుడు నెలలు నిండి ఉన్నది. బరాత్‌కు గ్యాస్‌లైట్లు మోయ రమ్మంటే పోయింది. నెత్తిమీద లైటు పెట్టుకొని స్టేషన్ కాడికెల్లి పటేల్ ఇంటిదాంక నడిసింది. ఇంటికి పోంగనే నొప్పులు మొదలైనయి. పొద్దుపొడువక ముందే..."

"ఆగు," అన్నాడు ఉపేందర్.

ఆ మాట అన్ని ఇళ్లల్లోనూ వినిపించింది. అప్పటిదాకా కెమెరా వెనక నుంచి ఎవరూ మాట్లాడి ఎరగరు. ఆయన కెమెరాను అలాగే వదిలి, గది మూలకు పోయి, ట్రంకు పెట్టె మీదకెక్కి, అటక మీది అట్టపెట్టెలు లాగసాగాడు. దుమ్ము రాలింది. సుమిత్రకు ఏం చేయాలో తోచలేదు. పుస్తకం పట్టుకుని, టీవీలో, ఊరికే కూర్చుంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. మానుకోటలో యాభై ఇళ్లు, అవతల ఒక తండా, అటక మీద పెట్టెలు జరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాయి.

ఉపేందర్ ఒక పసుపుపచ్చ కవరు పట్టుకుని దిగాడు. మీద తన చేతిరాతే. "ఆ పెండ్లికి ఫోటోలు నేనే తీసిన," అన్నాడు, భార్యతో అన్నట్టు కాదు, అందరితో అన్నట్టు. "బరాత్ దినం తారీఖు ఇండ్ల ఉన్నది. పద్నాలుగు మే, ఎనభై ఒకటి. రామి తెల్లారి పుట్టింది గనుక పదిహేను."

కవరులోంచి ఫోటోలు ఒక్కొక్కటే తీసి చూశాడు. పటేల్ ఇంటికి ఇవ్వకుండా మిగిలిపోయినవి, చెడిపోయినవి. ఒకటి దగ్గర ఆగాడు. దాన్ని తెచ్చి కెమెరా ముందు రెండు చేతులతో పట్టుకున్నాడు.

పెళ్లికొడుకు కోసం తీసిన ఫోటో అది. పెళ్లికొడుకు జీపు వెనకపడిపోయింది, ముఖం సగమే వచ్చింది. ఫోటో నిండా ఒక మనిషి ఉంది. తలమీద గ్యాస్‌లైటు, ఒక చెయ్యి దాన్ని పట్టుకుని, ఇంకో చెయ్యి కడుపు కింద. రవిక అద్దాల మీద ఫ్లాష్ పడి తెల్లగా మెరిసిపోయి ఫోటో చెడిపోయింది. అందుకే పటేల్ ఇంటికి ఇవ్వలేదు.

"గీమె రుక్కి," అంది సుమిత్ర. "రామి గూడ ఇండ్లనే ఉన్నది."

ఉపేందర్ ఆ ఫోటోను చాలాసేపు పట్టుకున్నాడు. ఆరున్నర అయింది. ఇంకో రెండు నిమిషాలు పట్టుకుని, అప్పుడు బంద్ చేశాడు.

బుధవారం పొద్దున నలుగురు వచ్చి, లైను తీసెయ్యమని చెప్పిపోయారు. ఒక ముసలాయన మాత్రం, ఏమీ అడగకుండా, "నిన్నటిది మంచిగుండె," అని వెళ్లాడు. ఉపేందర్ నిచ్చెన తీసుకుని వైరు చుట్టటానికి పోయాడు. వరంగల్ పంపవలసిన క్యాసెట్లను సుమిత్ర అట్టపెట్టెలో సర్దుతున్నది. నీలం దుప్పటి విప్పి మడిచింది. గోడ సున్నం రాలి ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చింది.

పదింటికి రుక్కి, రామి వచ్చారు. రుక్కి పనికి పోలేదు. గంప లేకుండా ఆమెను చూడటం సుమిత్రకు కొత్తగా ఉంది.

"ఆ ఫోటువ ఒక్కపారి సూపెడ్తవా అక్కా? టీవీల మంచిగ కనవడలే, గీతలొచ్చినయి."

"సూసుడేంది, తీసుకపో. నీదే అది."

రుక్కి పావడకు చేతులు రెండుసార్లు తుడుచుకుని ఫోటో అందుకుంది. తన ఫోటో తాను చూసుకోవటం ఆమెకు అదే మొదలు. దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. "గింత సన్నగుంటినా?" అని గొణిగింది. రామి ఆమె మోచెయ్యి పట్టుకుని ఫోటోను కిందికి గుంజింది. ఎంత వెతికినా ఆ పిల్లకు తాను కనిపించలేదు.

"నేనేడున్న?"

రుక్కి కూతురి వేలు పట్టుకుని ఫోటో మీద ఆనించింది. కడుపు కింద ఉన్న చేతి మీద.

"గిదో, గీడ."

రామి చాలాసేపు చూసింది. తర్వాత వెనకనున్న జీపును, సగం ముఖాన్ని చూసింది. "అయితే పటేల్ పెండ్లికి నేను గూడ పోయిన్నా?"

"పోయినవ్," అంది రుక్కి. "అందరికంటె ముంగట మనమే నడిసినం బిడ్డా. మన లైటు ఎలుగు పట్టుకొని వాళ్లు ఎనుక వచ్చిండ్రు."